ఆర్‌టీఎక్స్ 3060 గేమింగ్ ల్యాప్‌టాప్, నాలుగేళ్ళు వాడాక: వేడి ఎలా దిగిందంటే

ముందే తేల్చి చెప్పేస్తాను. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కాగిపోతుంటే కింద ఫ్యాన్లు పెట్టి ఊదడం కంటే, అది లాగే కరెంటు తగ్గించడం వెయ్యి రెట్లు నయం. మొదటి పనికి డబ్బు పోతుంది, రెండోది ఉచితం. నాలుగేళ్ళ పైన వాడాక నా మాట ఇదే.

2021లో కొన్నాను. రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, సెకనుకి 144 ఫ్రేములు (బొమ్మలు) చూపించే 144 హెర్ట్జ్ స్క్రీన్. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. ఈ తరహా ల్యాప్‌టాప్‌లన్నిటి లోపలి అమరిక ఇంచుమించు ఒకటే. తేడా అంతా వాట్లలో ఉంటుంది. ఈ 3060ని 60 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడ నడుపుకుంటారో మీ ఇష్టమని ఎన్విడియా ల్యాప్‌టాప్ తయారీదారులకే వదిలేసింది. ప్రాసెసర్‌కి మిగిలిన పవర్‌ని కార్డుకి మళ్ళించే డైనమిక్ బూస్ట్ ఉంటే ఇంకో 15 వాట్లు. కాబట్టి అదే పేరున్న కార్డు మీ స్నేహితుడి దగ్గర చల్లగా, మీ దగ్గర సెగలు కక్కుతూ ఉండొచ్చు. నాది పై గీత దాకా తాగే రకం.

ఉండేది విజయవాడలో, నేరుగా డాబా కింద గది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో ఏసీ వేయకపోతే గదిలోనే 36 డిగ్రీలు. బయట గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది, ఫ్యాను ఎంత తిరిగినా ఈ లెక్క మారదు. చలికాలంలో 76, 77 దగ్గర ఆడే కార్డు మే నెలలో 86, 87కి వెళ్ళేది. 87 అంటే దీనికి హద్దు. అక్కడికి రాగానే కార్డు తన స్పీడు తానే తగ్గించుకుంటుంది. సాఫీగా నడుస్తున్న సైబర్‌పంక్ 2077 గేమ్ ఉన్నట్టుండి తడబడేది అందుకే.

వారంటీలో ఉండగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే అంతే సార్, 87 నార్మలే" అన్నారు. అబద్ధమేమీ కాదు. ఆ వేడికి చిప్పు కాలిపోదు. కానీ ఆ సెగ చిప్పుతో ఆగదు. పక్కనే ఉన్న బ్యాటరీకి, మెమరీకి, పవర్ సర్క్యూట్లకి పాకుతుంది. గేమ్ ఆడేటప్పుడు నొక్కే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీల మీద వేలు ఆన్చలేని పరిస్థితిని నార్మల్ అనుకోవడం నా వల్ల కాలేదు. పైగా డెస్క్‌టాప్‌లోలా కార్డు పోతే కార్డే మార్చుకుందామంటే ఇక్కడ కుదరదు, దాన్ని మదర్‌బోర్డుకే అతికించేస్తారు. పోతే రెండూ పోయినట్టే.

ఏం చేసినా ముందు, లోపలి వేడిని అంకెల్లో చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఉచితమే. అందులో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) టెంపరేచర్ ఒక్కటే చూస్తే చాలదు, దాని కింద హాట్‌స్పాట్ అని ఇంకో అంకె ఉంటుంది, చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు అది. రెండింటి మధ్య తేడా 10 నుంచి 15 డిగ్రీలుంటే ఫర్వాలేదు. 20 దాటి పోతుంటే చిప్పుకీ, దాని వేడిని లాగేసే హీట్‌సింక్‌కీ మధ్య వేడిని అందించే పేస్ట్ సరిగ్గా లేదని అనుమానించాలి.

ఇక అసలు వైద్యం, అండర్‌వోల్టింగ్, అంటే చిప్పుకిచ్చే వోల్టేజీ తగ్గించడం. పేరు విని టెన్షన్ పడక్కర్లేదు, చిప్పుని హద్దు దాటి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్‌కి ఇది సరిగ్గా తిరగేసిన పని. కంపెనీ ప్రతి చిప్పుకీ అవసరానికి మించి కాస్త వోల్టేజీ ఇచ్చి పంపుతుంది, నాసిరకం చిప్పు కూడా ఆగకుండా నడవాలి కాబట్టి. మీ చిప్పు మంచిదైతే ఆ అదనం అంతా ఉత్త వేడిగా పోతుంటుంది. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే చుక్కల గీత ఒకటి వస్తుంది. అడ్డంగా వోల్టేజీ, నిలువుగా స్పీడు. నా కార్డు మామూలుగా 900 మిల్లీవోల్టుల దగ్గర ఆడేది. 800 దగ్గరున్న చుక్కను 1700 మెగాహెర్ట్జ్ దాకా పైకి లాగి, దానికి కుడివైపున్న చుక్కలు ఏవీ ఆ ఎత్తు దాటకుండా అణిచేసి, అప్లై కొట్టాను. అంతే. 115 పైన తాగే కార్డు 90 వాట్ల దగ్గర నిలబడింది. అదే గది, అదే గేమ్, 86 ఉండే చోట 77. ఫ్రేములు ఓ మూడో నాలుగో తగ్గాయి, కంటికి తెలియదు.

ఇంత తేడా ఎలా అంటే, చిప్పు తినే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే, స్పీడు కదపకపోయినా ఖర్చు దాదాపు 19 శాతం పడిపోతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ఎక్కడైనా పనికొచ్చిందంటే నాకు ఇక్కడే. నా అంకెలు మీ చిప్పుకి సరిపోవాలని లేదు. మరీ తగ్గిస్తే గేమ్ మూసుకుపోతుంది, లేదా స్క్రీన్ ఒక క్షణం నల్లబడి డ్రైవర్ రీసెట్ అవుతుంది. దాని వల్ల ఏదీ పాడవదు, 25 మిల్లీవోల్టులు పెంచి మళ్ళీ చూసుకోవడమే.

చాలామంది మరిచిపోయేది ప్రాసెసర్‌ని. ల్యాప్‌టాప్‌లో రెండు చిప్పుల మీదుగా వేడిని మోసే అవే రాగి గొట్టాలు వెళ్తాయి. ప్రాసెసర్ 90కి ఎక్కితే ఆ వేడి గ్రాఫిక్స్ కార్డు నెత్తిన పడుతుంది. 5800హెచ్ మామూలు స్పీడు 3.2 గిగాహెర్ట్జ్, పని ఎక్కువైనప్పుడు తనంతట తానే పెంచుకునే బూస్ట్‌లో 4.4. విండోస్ పవర్ ఆప్షన్లలో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 బదులు 99 పెడితే నాదాంట్లో బూస్ట్ ఆగిపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ దాచేసి ఉంటుంది. గ్రాఫిక్స్ ఎక్కువ ఉండే గేములకి ఇది బ్రహ్మాండం. వాలరెంట్ లాంటి వాటికి మాత్రం వద్దు, అవి ప్రాసెసర్ మీదే నడుస్తాయి, ఫ్రేములు గట్టిగా పడతాయి. అలాంటి గేములకి ఫ్రేమ్ రేటుకి కళ్ళెం వేస్తే చాలు. 144 హెర్ట్జ్ స్క్రీన్ మీద 250 ఫ్రేములు తీసి ఎవరికి చూపించాలి? ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మాగ్జిమమ్ ఫ్రేమ్ రేట్ 140 పెట్టి వదిలేశాను.

మూడో వేసవికి హాట్‌స్పాట్ 100 దాటుతుండటంతో విప్పించక తప్పలేదు. హైదరాబాద్ పని మీద వెళ్ళినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో ఒక కుర్రాడి చేత చేయించాను, పక్కనే నిలబడి చూశాను. మొదట బ్యాటరీ కనెక్టర్ పీకాడు. హీట్‌సింక్ స్క్రూల పక్కన చిన్నగా అంకెలు అచ్చు వేసి ఉన్నాయి, పెద్ద అంకె నుంచి వెనక్కి విప్పుకుంటూ వచ్చాడు, బిగించేటప్పుడు 1 నుంచి మొదలుపెట్టాడు. ఫ్యాన్ తీయగానే, దానికీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము పేరుకుని కనిపించింది. పట్టకారుతో లాగితే చిరిగిన బట్టముక్కలా ఒక్కటిగా ఊడొచ్చింది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇది రాదు, లోపలే ఇంకాస్త బిగుస్తుంది. కొట్టినా ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపి కొట్టాలి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది.

చిప్పు మీద పేస్ట్ అయితే మధ్యలో దాదాపు లేదు, అంతా అంచులకి జరిగిపోయింది. వేడెక్కి చల్లారినప్పుడల్లా లోహం సాగి ముడుచుకుంటూ పేస్ట్‌ని కొంచెం కొంచెంగా బయటికి నెట్టేస్తుంది. మళ్ళీ పేస్టే వేస్తే మళ్ళీ ఇదే కథ. అందుకని పేస్ట్ బదులు వేసే హనీవెల్ పీటీఎం7950 షీట్ తెప్పించి తీసుకెళ్ళాను. గది వేడిలో పల్చటి రేకులా ఉంటుంది, 45 డిగ్రీలు దాటాక మెత్తబడి సందులన్నీ నింపుకుంటుంది, పేస్ట్‌లా బయటికి కారిపోదు. నకిలీలు ఎక్కువ, చవగ్గా కనిపించిన చోట కొనకండి. మెమరీ మీద వేడిని హీట్‌సింక్‌కి అందించే మెత్తటి థర్మల్ ప్యాడ్లు చిరగలేదు కాబట్టి వాటిని కదపనివ్వలేదు. కొత్తవి వేస్తే మందం అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ పైకి లేచి చిప్పుకి ఆనదు. ఇప్పటికి రెండో వేసవి దాటింది, హాట్‌స్పాట్ తేడా 12 దగ్గరే ఉంది.

కూలింగ్ ప్యాడ్ గురించి అందరూ అడుగుతారు. మామూలు ఫ్యాన్ల ప్యాడ్ రెండు మూడు డిగ్రీలు దించింది. వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా అంతే దిగింది. చుట్టూ ఫోమ్ వేసి గాలిని బలవంతంగా లోపలికి తోసే ఖరీదైన రకం బాగానే పనిచేస్తుంది కానీ ఆ మోత పక్క గదిలోకి వినిపిస్తుంది, నాకు నచ్చలేదు. అన్నట్టు, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు కార్డు తక్కువ వాట్లకే పరిమితమై చల్లగా ఉంటుంది. అప్పుడు గేమ్ ఆడలేమనుకోండి, అది వేరే సంగతి.

ప్రస్తుతం తీరని సమస్య ఒక్కటే. ఎడమ ఫ్యాన్ ఈమధ్య స్టార్ట్ అయ్యేటప్పుడు గరగరమంటోంది. ఫ్యాన్ మీది స్టిక్కర్ ఫోటో తీసుకుని, దాని మీదున్న పార్ట్ నంబరుతో జత ఆర్డర్ పెట్టాను. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతికితే వేరే కనెక్టర్ ఉన్నవి వస్తున్నాయి, ఎవరైనా మార్చుకునేటట్టయితే ముందు అది చూసుకోండి.