ఒక్కరోజు యుద్ధం, ఇరవై ఏళ్ల లెక్క: నాన్నతో నార్మన్ల ఇంగ్లండ్

మే నెలలో నాన్న రెడింగ్‌లో మా ఇంటికి వచ్చారు. కర్నూలు జిల్లా రెవెన్యూలో ముప్పై ఐదేళ్లు పనిచేసి ఆర్‌ఐగా రిటైరయ్యారు. వచ్చిన మూడోరోజే, "అమ్మా, వీళ్లు మనల్ని ఏలారు సరే, వీళ్లనెవరూ ఏలలేదా?" అని అడిగారు.

జవాబు మా ఊళ్లోనే ఉంది. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచిన కథను కుట్టుపనితో చెప్పే బాయూ వస్త్రానికి నకలు రెడింగ్ మ్యూజియంలో ఉంది. దాదాపు 70 మీటర్లు, 1885-86లో లీక్ పట్టణపు ఆడవాళ్లు కుట్టారు. ప్రవేశానికి డబ్బులు అక్కర్లేదు. నాన్న ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, చివర్లో సాక్సన్లు, అంటే అప్పటి ఇంగ్లండువాళ్లు, పారిపోయే దగ్గరికి వచ్చి, "తర్వాత?" అన్నారు. వస్త్రం అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో చూడటానికే మేము ఎనిమిది రోజులు తిరిగాం.

ముందుగా యుద్ధభూమి. లండన్ చేరింగ్ క్రాస్ నుంచి రైల్లో గంటన్నర దూరంలో బ్యాటిల్ అనే చిన్న పట్టణం. యుద్ధం వల్లే దానికి ఆ పేరు. 1066 అక్టోబరు 14న పొద్దున మొదలైన పోరు చీకటి పడేసరికి ముగిసింది. గట్టు మీద ఇంగ్లండు రాజు హారాల్డ్ సైన్యం, కింద విలియం. ఇప్పుడు గొర్రెలు మేసే పచ్చటి వాలు. తర్వాత విలియం అక్కడ మఠం కట్టించాడు. హారాల్డ్ పడిపోయాడని చెప్పే చోటే దాని ప్రధాన వేదిక పెట్టించాడు. చర్చి పోయి గడ్డిలో ఒక రాతి పలక మిగిలింది. నాన్న బూట్లు విప్పి పక్కన పెట్టి, ఆ పలక ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. ఆడియో గైడ్ టికెట్‌లోనే వస్తుంది, బాగుంది. ముందురోజు వాన పడితే మాత్రం బురద ఎక్కువ, మంచి బూట్లు వేసుకోండి. పూట చాలు. మిగిలిన పూట విలియం దిగిన పెవెన్సీకి వెళ్లొచ్చు. పాత రోమన్ గోడల మధ్య కోట చూడటానికి గంట సరిపోతుంది.

లండన్ టవర్ గురించి ఎక్కువ రాయను. అందరూ వెళ్లేదే. కాకపోతే రాజాభరణాల క్యూలో నిలబడేముందు, లోపల విలియం మొదలెట్టిన వైట్ టవర్‌ని బయటి నుంచి తీరిగ్గా చూడండి. 27 మీటర్ల ఎత్తు. అందులో కొంత రాయి సముద్రం దాటించి నార్మండీలోని కాన్ నుంచి తెచ్చారు. నగరంలో ఎటు నిలబడ్డా కనబడాలనే అంత ఎత్తు కట్టారని నాకనిపించింది. పొద్దున తెరవగానే వెళ్తే రద్దీ తక్కువ.

నా దృష్టిలో అసలు యాత్ర ఉత్తరానికి వెళ్లాకే మొదలైంది. గెలవడానికి ఒక్కరోజు పట్టింది. ఆ గెలిచిన భూమిని చేతిలో ఉంచుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అది లింకన్‌లో, యార్క్‌లో కళ్లకు కడుతుంది. అందుకే మీకు నాలుగు రోజులే ఉంటే మూడు ఇక్కడే గడపమంటాను.

లింకన్‌లో గది కొండ పైభాగంలోనే తీసుకోండి. స్టీప్ హిల్ అన్న పేరు ఉత్తినే పెట్టలేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సెక్కడమే మేలు. మేము దిగిన గెస్ట్‌హౌస్ ఆవిడ నాన్న మాంసం తినరని తెలిసి, అడక్కుండానే పొద్దున వేరే పెనం మీద పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టారు. కోట ఆవరణలోకి ఊరికే వెళ్లొచ్చు, గోడ మీద నడవాలంటే టికెట్. 1068లో ఈ కోట కోసం 166 ఇళ్లు తీసేశారని తర్వాత విలియం చేయించిన డూమ్స్‌డే అనే భూముల సర్వేలో రాసుకున్నారు. అది చదివి వినిపిస్తే నాన్న పచ్చిక మీద కూర్చుండిపోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1981లో, శ్రీశైలం ముంపు ఊళ్లు ఖాళీ చేయించడానికి ఆయన్ని పంపారు. "మేం ఇంటింటికీ నంబరేశాం. ఇక్కడా ఎవరో వేసే ఉంటారు" అన్నారు. ఆ మధ్యాహ్నం ఇంకెక్కడికీ వెళ్లలేదు.

యార్క్‌లో బస మాత్రం చేదు అనుభవం. కింది అంతస్తు గది అని బుక్ చేస్తే మూడో అంతస్తు ఇచ్చారు. లిఫ్ట్ లేదు, సామాను అందుకునే మనిషీ లేడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఒకరోజు ముందు ఫోన్ చేసి గది ఏ అంతస్తులో ఉందో నోటితో చెప్పించుకోండి.

అయినా యార్క్ వదలకూడదు. క్లిఫర్డ్స్ టవర్ కింద ఉన్న మట్టిదిబ్బ నార్మన్లదే, పైన రాతి కట్టడం తర్వాతిది. మెట్లు నిటారుగా ఉంటాయి కానీ 2022లో పైన వేసిన చెక్క వేదిక నుంచి ఊరంతా కనిపిస్తుంది. 1068, 69ల్లో నదికి చెరో ఒడ్డునా ఒక కోట లేపారు. 1069లో డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్లు, స్థానికులు కలిసి ఆ కోటల్లోని దండును చంపేశారు. విలియం తిరిగొచ్చి పంటలు, నాగళ్లు, పశువులు, ధాన్యం తగలబెట్టించాడు. ఆకలికి లక్షమందికి పైగా చచ్చిపోయారని అర్ధశతాబ్దం తర్వాత ఒక సన్యాసి రాశాడు. ఆ అంకె మీద చరిత్రకారులకు భేదాభిప్రాయాలున్నాయి. కరువు మీద మాత్రం లేవు.

ఆ రాత్రి గదిలో ఉప్మా ప్యాకెట్‌లో వేడినీళ్లు పోసుకుని, ఫోన్‌లో ఆ డూమ్స్‌డే సర్వే రికార్డు తెరిచాం. 1085 క్రిస్మస్‌కి విలియం ఆజ్ఞ ఇస్తే 1086లో సర్వే జరిగింది. ఎద్దు, ఆవు, పంది ఒక్కటి కూడా వదల్లేదని ఆనాటి సాక్సన్ లేఖకుడు బాధపడుతూ రాశాడు. నాన్నకి లాటిన్ రాదు, అయినా అనువాదం చూస్తూ పది నిమిషాల్లో పద్ధతి పట్టేశారు. "ఇది మన అడంగలేనమ్మా. ఎవరి పేరున ఉండేది, ఇప్పుడెవరి అనుభవంలో ఉంది, ఎన్ని నాగళ్లు, ఎంత శిస్తు." యార్క్ చుట్టుపక్కల ఊళ్లకి ఒకటే మాట మళ్లీ మళ్లీ వచ్చింది: వాస్టా. అంటే పాడు. పదహారేళ్లయినా సాగులోకి రాలేదు.

ఒక చోట నాన్న నా చేయి ఆపారు. ప్రతి భూమికీ పాత హక్కుదారుడిని హారాల్డ్‌కి ముందున్న "ఎడ్వర్డ్ రాజు కాలంలో" అని రాశారు. మధ్యలో తొమ్మిది నెలలు ఏలిన హారాల్డ్‌ని రాజుగా కాక మామూలు ఎర్ల్‌గానే, అంటే ఒక ప్రభువుగానే చూపించారు. "పహాణీలో ఒక ఏడాది ఎగ్గొట్టారంటే ఆ ఏడాది సాగు చేసినవాడికి హక్కే లేనట్టు" అన్నారు. రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూమి పొందినవాళ్లలో ఇంగ్లిషువాళ్లు ఇద్దరే మిగిలారని నేను చెప్పాను. వాళ్ల పేర్లేమిటన్నారు. థోర్కెల్, కోల్స్వెయిన్ అని చెబితే డైరీలో తెలుగులో రాసుకున్నారు.

చివరి రెండు రాత్రులు డరమ్. సెలవుల్లో అక్కడి కోటలోనే గది దొరుకుతుంది, మామూలు రోజుల్లో విద్యార్థులుంటారు. కొన్ని గదులకి బాత్రూం ఉమ్మడి, చూసుకుని బుక్ చేయండి. 1072లో కట్టిన కోట అది, టిఫిన్ పాత గ్రేట్ హాల్‌లో పెడతారు. ఎదురుగా 1093లో మొదలెట్టిన కేథడ్రల్.

టికెట్ల విషయం: ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ హెరిటేజ్ పర్యాటకుల పాస్ ఉంది. బ్యాటిల్, పెవెన్సీ, క్లిఫర్డ్స్ టవర్ అందులోనే వస్తాయి, లండన్ టవర్ రాదు. ఇద్దరు కలిసి తిరిగితే టూ టుగెదర్ రైల్‌కార్డ్‌తో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది.

డరమ్‌లో టిఫిన్ చేస్తూ నాన్న ఈ ఊరి పేజీ తీయమన్నారు. లేదు. టీస్ నదికి ఉత్తరాన ఆ సర్వే రాలేదు. "అయితే ఇక్కడ ఎవరి పొలం ఎవరు తీసుకున్నారో ఎలా తెలుస్తుంది?" అన్నారు, టీ కప్పు పక్కన పెట్టి. నా దగ్గర జవాబు లేదు. రెడింగ్ వచ్చాక ఆయన కోసం లైబ్రరీ కార్డు తీసుకున్నాను.