ఆరేళ్ళు ఎండ వెంట: ఈఎం27/సన్ వాడినవాడిగా నా మాట

2018 చివర్లో పీహెచ్‌డీకి జర్మనీ వచ్చినప్పుడు నాకు అప్పజెప్పిన మెషిన్ ఈ ఈఎం27/సన్, ఎండ వెలుగుని బట్టి గాల్లోని వాయువుల్ని కొలిచే స్పెక్ట్రోమీటర్, అప్పట్నుంచి ఆరేళ్ళ పాటు ఎండ కాసిన రోజు దాదాపు ఏదీ వదల్లేదు. ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునే మన పిల్లలు ఎలా ఉంటుంది, దాని లెక్కలు నమ్మొచ్చా అని అడుగుతూ ఉంటారు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

పని సూత్రం తేలికే. ఎండ మన దాకా వచ్చేలోపు దార్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ (సీఓ2), మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ), నీటి ఆవిరి ఒక్కోటీ ఇన్‌ఫ్రారెడ్‌లో తన వంతు కాంతిని మింగేస్తాయి, ఆ మింగిన చోట స్పెక్ట్రమ్‌లో గీతలు పడతాయి, ఆ గీత ఎంత లోతుగా ఉందో చూసి నేల నుంచి వాతావరణం పై అంచు దాకా ఎంత గ్యాస్ ఉందో లెక్కకడతాం, దాన్నే కాలమ్ అంటాం. అసలు మన గాల్లో మీథేన్ ఉందని 1948లో మార్సెల్ మిజియొట్ కనిపెట్టింది కూడా ఇలా సూర్యుడి స్పెక్ట్రమ్ చూసే. కింద పెట్టే సెన్సర్ అయితే రాత్రి గాలి నేలనంటుకుని ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది, మధ్యాహ్నం గాలి పైకి కలిసిపోతే తక్కువ చూపిస్తుంది. మొత్తం కాలమ్ కొలిచే దీనికి ఆ తలనొప్పి చాలా తక్కువ, నాకు ఇది నచ్చడానికి మొదటి కారణం అదే.

బరువు పాతిక కిలోల బియ్యం బస్తా అంత, ఇద్దరు పట్టుకుంటే మేడ మీదికి ఎక్కించేయొచ్చు. పైన అద్దాలున్న ట్రాకర్ కెమెరాతో సూర్యుడి బింబాన్ని చూస్తూ తనే తిరుగుతుంది. లోపల కాంతిని రెండుగా చీల్చి మళ్ళీ కలిపే ఇంటర్‌ఫెరోమీటర్ లోలకంలా ఊగే రకం కాబట్టి రోడ్డు మీద తిప్పినా గట్టిగానే నిలబడుతుంది. నిమిషానికో కొలత వస్తుంది, మబ్బు లేని ఎండాకాలం రోజైతే సాయంత్రానికి కొన్ని వందలు. ఈ కాలమ్‌లని ప్రపంచమంతా కొలిచే టీకాన్ నెట్‌వర్క్‌లో 2004లో అమెరికాలోని పార్క్ ఫాల్స్‌తో మొదలై ఇప్పటిదాకా వాడుతున్న పెద్ద మెషిన్లకి ఓ గదో కంటైనరో కావాలి, వాటి రిజల్యూషన్ 0.02 వేవ్‌నంబర్, దీనిది 0.5, ఈ అంకె ఎంత చిన్నదైతే అంత సన్నగా చూస్తుంది. అంటే ఇది సన్నటి గీతల్ని విడదీసి చూడలేదు, గ్యాస్ ఏ ఎత్తులో ఎంత ఉందో దీన్నుంచి పెద్దగా తెలీదు. స్ట్రాటోస్ఫియర్‌లోని హైడ్రోజన్ క్లోరైడ్ లాంటివి కావాలంటే స్విట్జర్లాండ్ కొండల మీది యుంగ్‌ఫ్రాయోహ్ లాంటి చోట ఉన్న పెద్దవాటి దగ్గరికే వెళ్ళాలి.

మరి ఇంత ముతక స్పెక్ట్రమ్‌తో అంత సన్నటి లెక్క ఎలా? గాల్లో ఆక్సిజన్ 20.95 శాతం అని మనకి ముందే తెలుసు, అదే స్పెక్ట్రమ్‌లో ఆక్సిజన్ గీతలూ ఉంటాయి, సీఓ2 కాలమ్‌ని ఆక్సిజన్ కాలమ్‌తో భాగించి 0.2095తో గుణిస్తే రెండింట్లో ఒకేలా దూరిన తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి. ఈ ట్రిక్ లేకపోతే ఈ మెషిన్ లేదు.

కొత్తవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. సీఓ2 ఇప్పుడు 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు) పైచిలుకు, ఒక ఊరు దానికి కలిపేది ఒకటి రెండు పీపీఎం. ఊరికి గాలి వచ్చే వైపు ఒక మెషిన్, గాలి పోయే వైపు ఇంకోటి పెట్టి తేడా చూస్తాం, 2014లో బెర్లిన్ చుట్టూ ఐదు పెట్టి చేసింది అదే, మ్యూనిక్‌లో ఇప్పుడు శాశ్వతంగా నడుపుతున్నదీ అదే పద్ధతి. రెండు మెషిన్లలో ఒకదానికి సొంత తేడా అర పీపీఎం ఉన్నా మీ ఊరి సిగ్నల్‌లో పావు నుంచి సగం దాకా అబద్ధం అయిపోతుంది. అందుకే క్యాంపెయిన్‌కి ముందూ తర్వాతా అన్నింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఎండ చూపించాలి, వీలైతే ఓ టీకాన్ మెషిన్ పక్కన కూడా. నేను ఏటా చేశా, రోజులు వృథా అనుకుని దాటేసిన వాళ్ళు పేపర్ రాసేటప్పుడు ఏడవడం చూశా. ఒకసారి రవాణాలో పెట్టెని ఎవరో గట్టిగా పడేశారు, పైకి గీత కూడా లేదు, కానీ తిరిగొచ్చాక పక్కన పెట్టి చూస్తే మీథేన్ పాత లెక్క నుంచి జరిగిపోయింది. ఆ పోలిక లేకుంటే ఆ జరిగినదాన్ని ఊళ్ళో లీకేజీ అని రాసేసేవాణ్ణి, ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఇంకో సంగతి టైమ్. లాప్‌టాప్ గడియారం కాస్త తప్పినా సూర్యుడి ఎత్తు లెక్క తప్పుతుంది, కొలతల గీత పొద్దున ఒక వైపు, సాయంత్రం రెండో వైపు వంగిపోతుంది. ఎక్స్‌ఎయిర్ అని ఒకటి వస్తుంది, బారోమీటర్ చెప్పే గాలి లెక్కకీ ఆక్సిజన్ గీతలు చెప్పే గాలి లెక్కకీ నిష్పత్తి అది, అది రోజంతా ఒకటికి దగ్గర్లో తిన్నగా ఉండాలి, వంకర పోతే ముందు జీపీఎస్ టైమ్, తర్వాత బారోమీటర్ చూడండి. ప్రాసెసింగ్‌కి ప్రాఫాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి రెండేళ్ళు ఫైళ్ళతో కుస్తీ పట్టా కానీ ఇప్పుడు దాన్ని తనే నడిపే పైలట్ అనే ప్రోగ్రామ్ పైథాన్‌లో వచ్చాక పని హాయి.

మబ్బొస్తే డేటా లేదు, రాత్రి లేదు, జర్మనీ చలికాలంలో నెలకి నాలుగైదు మంచి రోజులు దొరికితే గొప్ప. 2020 లాక్‌డౌన్‌లో అందరూ తగ్గిందా తగ్గిందా అని అడిగారు, కాలమ్‌లో ఏమీ తేలలేదు, ఎందుకంటే ఆ ఏడాది కూడా ప్రపంచం మొత్తం మీద సీఓ2 పెరుగుతూనే ఉంది. 2023 జూన్ చివర్లో మాత్రం కెనడా అడవుల పొగ అట్లాంటిక్ దాటి ఇక్కడికొచ్చినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ నిట్టనిలువుగా లేచింది, ఆ రోజు మేడ మీద నిలబడి స్క్రీన్ చూస్తూ భోజనం సంగతే మర్చిపోయా.

మన దగ్గర ఇది పని చేస్తుందా అంటే, షాద్‌నగర్‌లో ఇదే ఈఎం27/సన్‌తో సీఓ2, మీథేన్, సీఓ మూడూ కొలిచి, వాటిలో మీథేన్, సీఓలని సెంటినెల్-5పీ ఉపగ్రహం లెక్కలతో పోల్చి 2022లో పేపర్ వేశారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బుల వల్ల పెద్దగా ఏమీ దొరకదనే లెక్కతోనే ప్లాన్ చేసుకోవాలి, నవంబర్ నుంచి మార్చి దాకా మాత్రం మన ఎండని చూసి ఇక్కడివాళ్ళు అసూయపడాల్సిందే. దుమ్ము ఎక్కువ కాబట్టి ట్రాకర్ అద్దాల మీద కన్నేసి ఉంచండి, గుడ్డ పెట్టి తుడవొద్దు, బ్లోయర్‌తో గాలి ఊదండి. రెండో బారోమీటర్ ఒకటి కొనుక్కోండి, మొదటిది తప్పిందో లేదో చెప్పేది అదొక్కటే.