గేటెడ్ టవరా, స్టాండలోన్ రీసేలా: ముందు గజాలు అడగండి

హైదరాబాద్‌లో ఫ్లాటు కోసం నల్లగండ్ల అనో మియాపూర్ అనో వెతకగానే రెండు రకాలు పక్కపక్కనే వస్తాయి. ఎకరాల్లో లేచిన గేటెడ్ టవర్‌లో ఒక ఫ్లాటు, 500 గజాల్లో విడిగా కట్టిన ఒక్క బిల్డింగ్, అంటే స్టాండలోన్‌లో ఒక రీసేల్ ఫ్లాటు. ఏది కొనమంటారని అడిగేవాళ్లందరూ ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు చెప్తారు, ఫొటోలు పంపుతారు. యూడీఎస్, అంటే ఫ్లాటుకు వచ్చే నేల వాటా ఎంతో మాత్రం చెప్పరు. నేను మొదట చూసేది అదే.

ఏళ్లు గడిచేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, నిలబడేది కింద నేల విలువే. 500 గజాల్లో 10 ఫ్లాట్లుంటే తలా 50 గజాలు. 5 ఎకరాలంటే 24,200 గజాలు. అందులో 600 ఫ్లాట్లు వస్తే తలా 40. అంతస్తులు పెరిగితే ఇంకా తగ్గుతుంది. ఈ అంకె యాడ్‌లో దొరకదు, సేల్ డీడ్ షెడ్యూల్‌లో ఉంటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లకముందే ఆ పేజీ వాట్సాప్‌లో పంపమనండి.

స్టాండలోన్‌లో దెబ్బ తగిలేది పైఅంతస్తు దగ్గర. పర్మిషన్ లేకుండా పెంట్‌హౌస్ వేసి, దానికీ అదే నేలలో వాటా రాసేస్తారు. శాంక్షన్డ్ ప్లాన్‌లో అంతస్తులు లెక్కపెట్టి, రోడ్డు మీద నిలబడి మళ్లీ లెక్కపెట్టండి. తేడా వస్తే ఆ ఫ్లాటు వదిలేయండి. ఓసీ (ఇల్లు ఉండటానికి అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కాపీ, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తప్పనిసరి.

ఎస్‌ఎఫ్‌టీ రేటుతో రెండింటినీ పోల్చవద్దు. టవర్‌లో 1,500 ఎస్‌ఎఫ్‌టీ, రేటు 7,000 అనుకుందాం: కోటీ 5 లక్షలు. అందులో గోడలు, కారిడార్లు పోను మిగిలే కార్పెట్ ఏరియా 1,050 అయితే కాలు పెట్టే చోటుకు అడుగు 10,000 పడ్డట్టు. స్టాండలోన్‌కూ ఇదే లెక్క వేసి, అప్పుడు పోల్చండి.

నీళ్ల దగ్గర, జనరేటర్ దగ్గర, పిల్లల ఆటస్థలం దగ్గర టవర్‌దే పైచేయి. కాకపోతే మెయింటెనెన్స్ అడుక్కి 4 రూపాయలైతే, 1,500 అడుగులకు నెలకు 6,000. స్టాండలోన్‌లో బోరు ఎండితే ట్యాంకరే గతి. జలమండలి (నగర నీటి బోర్డు) కనెక్షన్ ఉందా, వేసవిలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్ని కాదు.

ఓసీ, జలమండలి నీళ్లు రెండూ ఉంటే పదేళ్ల స్టాండలోన్‌నే నేను కొనమంటాను. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం పక్కన పెట్టుకోండి.

ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ముందే అమ్మే ప్రీలాంచ్‌ అయితే ఎంత తక్కువకిచ్చినా వద్దు.