ఫెన్స్‌లో రోడ్డు సైకిలు: మిట్టపల్లాలు లేని దారుల మీద కొన్నేళ్ల అనుభవం

కేంబ్రిడ్జికి ఉత్తరాన, ఈలీ దాటి కింగ్స్ లిన్ దాకా పరుచుకున్న ఫెన్స్ ప్రాంతంలో కొన్నేళ్లుగా రోడ్డు సైకిలు తొక్కుతున్నాను. ఇంగ్లండ్‌లో సైకిలు మాట ఎత్తితే అందరూ లేక్ డిస్ట్రిక్ట్, యార్క్‌షైర్ కొండల గురించే చెబుతారు. ఫెన్స్ అనగానే ‘అక్కడ ఏముంది, అంతా చదునే కదా’ అని తీసిపారేస్తారు. ఆ మాటతో నేను ఏమాత్రం ఏకీభవించను. చదును కావడం వల్లనే ఇక్కడ సైకిలు తొక్కడం ప్రత్యేకంగా నేర్చుకోవలసిన విద్య అయింది. ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చి, వారాంతాల్లో ఎక్కడ తొక్కాలా అని చూస్తున్న మనవాళ్లకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట గాలి సంగతి. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పల్లె రోడ్లకు ఇరువైపులా ఎత్తయిన కంచె పొదలు ఉంటాయి. అవి గాలిని కొంత అడ్డుకుంటాయి. ఫెన్స్‌లో పొలానికీ పొలానికీ మధ్య హద్దు కాలువే తప్ప పొద ఉండదు, చెట్లూ తక్కువే. నైరుతి నుంచి బయలుదేరిన గాలికి మైళ్ల దూరం ఎదురు నిలిచేది సైకిలు తొక్కేవాడొక్కడే. గంటకు 28 కిలోమీటర్ల వేగంతో హాయిగా సాగిపోతూ, కాలువ దగ్గర రోడ్డు ఒక్కసారిగా లంబకోణంలో తిరగగానే 18కి పడిపోవడం ఇక్కడ మామూలే. కొండ ఎక్కేవాడికి పైన శిఖరం కనబడుతుంది, ఆ తరువాత దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి శిఖరం లేదు. పది కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద అది మొదట్లో ఎంత ఉందో చివర్లోనూ అంతే ఉంటుంది. అందుకే బయలుదేరే ముందు నేను చూసేది వాన సూచన కాదు, గాలి దిశ. వాన ఎలాగూ ఇక్కడ తక్కువే. కేంబ్రిడ్జి పరిసరాలు బ్రిటన్‌లో అత్యల్ప వర్షపాతం ఉన్న ప్రాంతాల్లో ఒకటి.

దిగుళ్లు లేకపోవడం వల్ల మరో ఇబ్బంది ఉంది. కాళ్లు ఆపి సైకిలును దానంతట అది పోనిచ్చే అవకాశం దాదాపు రాదు. మూడు గంటలు తొక్కితే మూడు గంటలూ పెడల్ తిరుగుతూనే ఉండాలి, అదీ ఒకే భంగిమలో. కొండల్లో తొక్కి వచ్చిన స్నేహితులు ఇక్కడ నడుము, మెడ, సీటు నొప్పి అని వాపోవడం చూశాను. ఎంత ఖరీదైన సైకిలు కొన్నా సరే, ముందుగా శరీర కొలతలకు తగినట్టు సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేయించుకోండి. ఫెన్స్‌లో అంతకు మించిన పెట్టుబడి లేదు. నేనైతే ప్రతి పావుగంటకూ ఒకసారి లేచి నిలబడి తొక్కుతాను.

ఇక రోడ్డు. ఈ సమీక్షలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫెన్స్ ఒకప్పుడు చిత్తడి నేల. 17వ శతాబ్దంలో బెడ్‌ఫోర్డ్ ఎర్ల్, మరికొందరు భూస్వాములు పెట్టుబడి పెట్టగా, కార్నీలియస్ వెర్మూయిడెన్ అనే డచ్చి ఇంజనీరు ఇక్కడి నీటిని తోడించే పని చేపట్టాడు. 1630లలో ఓల్డ్ బెడ్‌ఫోర్డ్ నది, 1651లో న్యూ బెడ్‌ఫోర్డ్ నది తవ్వారు. పేరుకు నదులైనా ఇవి గీత గీసినట్టు సుమారు 33 కిలోమీటర్లు పక్కపక్కనే సాగే కాలువలు. నీరు పోయాక, వేల ఏళ్లుగా సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన పీట్ అనే నల్లమట్టి ఆరి కుంచించుకుపోసాగింది. నేల కిందికి దిగింది. హోమ్ ఫెన్ అనే చోట 1850ల తొలినాళ్లలో నేల మట్టం దాకా దించిన ఇనుప స్తంభం ఇప్పుడు సుమారు 4 మీటర్లు పైకి తేలి నిలబడి ఉంది. సముద్ర మట్టానికి దాదాపు 2.75 మీటర్ల దిగువన ఉన్న ఆ చోటు గ్రేట్ బ్రిటన్‌లో అతి పల్లపు ప్రదేశం. అక్కడికి సన్నని రోడ్డు ఉంది. సైకిలు ఆ స్తంభానికి ఆనించి తల ఎత్తి చూస్తే, మనిషి చేసిన పనికి నేల ఎంత మూల్యం చెల్లించిందో కళ్లకు కడుతుంది.

ఆ కుంగుబాటు సైకిలు తొక్కేవాడికి చేతుల్లోనే తెలుస్తుంది. పీట్ మీద వేసిన రోడ్లు అలలు తేలి ఉంటాయి. పొడి వేసవి తరువాత కాలువ వైపు అంచు కుంగి, తారు పొడవునా చీలుతుంది. అడ్డంగా ఉండే గుంత కనీసం కనబడుతుంది. నిలువు చీలికలో సన్నని టైరు ఇరుక్కుంటే మనిషి పడిపోవడమే. పైగా చాలాచోట్ల రోడ్డు అంచుకు ఆనుకునే లోతైన కాలువ, మధ్యలో రెయిలింగైనా ఉండదు. పక్కగాలి బలంగా ఉన్న రోజున అంచుకు ఒదిగి తొక్కడం ప్రమాదకరం. 25 మిల్లీమీటర్ల టైర్లతో ఇక్కడికి రావద్దని నా గట్టి సలహా. 32 వేసుకుని, గాలి కాస్త తగ్గించి తొక్కితే అదే రోడ్డు మరో రోడ్డులా అనిపిస్తుంది. వేగంలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నేను పెరిగింది గోదావరి డెల్టాలో. అందుకని ఈ నేల మొదటి రోజు నుంచే పరిచయం ఉన్నట్టు అనిపించింది. అవే తిన్నని గట్లు, అవే లాకులు. కానీ మన డెల్టాలో పంట కాలువా ఉంటుంది, మురుగు కాలువా ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి 1852 నుంచి పొలాలకు నీరు పెట్టిన తీరు అది. ఫెన్స్‌లో దాదాపు అన్నీ మురుగు కాలువలే. పొలంలోని నీటిని పంపులతో ఎత్తి, పొలం కన్నా ఎత్తున పారే నదిలో పోస్తారు. లిటిల్‌పోర్ట్ దాటి టెన్ మైల్ బ్యాంక్ మీదుగా డెన్వర్ లాకుల వైపు వెళ్తుంటే, గ్రేట్ ఊజ్ నది కరకట్ట వెనుక పారుతుంటుంది. పొలాలు మాత్రం కింద ఉంటాయి. ఈలీకి దక్షిణాన స్ట్రెథమ్ దగ్గర 1831 నాటి ఆవిరి పంపును ఇప్పటికీ భద్రంగా కాపాడుతున్నారు. దారిలో ఆగి చూడదగ్గది.

వాహనాల విషయానికి వస్తే, పేరున్న పెద్ద రోడ్లను పూర్తిగా వదిలేయండి. ఏ10 మీద సైకిలు తొక్కడంలో ఆనందం ఏమీ లేదు. చిన్న రోడ్ల మీద అరగంటకు ఒక కారు కూడా రాని ఉదయాలు ఉంటాయి. వచ్చిన కారు మాత్రం వేగంగా వస్తుంది. రోడ్డు తిన్నగా ఉంటుంది, ఊరి వెలుపల పరిమితి సాధారణంగా 60 మైళ్లు. 30 మైళ్ల లోపు వేగంలోనైనా సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఉంచాలని 2022లో సవరించిన హైవే కోడ్ (బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం) చెబుతుంది. ఎక్కువమంది పాటిస్తున్నారు. శరదృతువు మొదలయ్యాక షుగర్ బీట్, బంగాళాదుంపలు తవ్వే ట్రాక్టర్లు రోడ్డు మీద మట్టి వదులుతాయి. వాన పడితే అది జారుడు బంక. ఆ నెలల్లో మడ్‌గార్డులు లేకుండా బయలుదేరకూడదు. పొడిగాలి వీచే వసంతంలో మరో గండం ఉంది. దున్నిన పొలాల నల్లమట్టి దుమారమై లేచి, ఎదుటి రోడ్డును కప్పేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

ఇన్ని చెప్పాక కూడా ఈ దారులను నేను వదలలేదు. కారణం ఆకాశం. ఎటు చూసినా అడ్డు లేని ఆకాశం, దాని అంచున ఈలీ కేథడ్రల్. 1322లో మధ్య గోపురం కూలిన చోట కట్టిన అష్టకోణపు గోపురం గంట ముందు నుంచే కనబడుతుంది. ఎంత తొక్కినా దగ్గరకు రానట్టే ఉండి, ఆఖరి కొన్ని మైళ్లలో ఒక్కసారిగా మీదికి వస్తుంది. నిశ్శబ్దం సంగతి కూడా చెప్పాలి. వెనుకగాలి వీచే రోజున, సైకిలు గాలితో సమానంగా పోతున్నప్పుడు చెవుల్లో హోరు ఆగిపోయి చైను చప్పుడు ఒక్కటే వినబడుతుంది. కొండల్లో ఆ సుఖం నాకు ఎప్పుడూ దొరకలేదు. దాని కోసమే వారమంతా ఎదురుచూస్తాను.

ఆ సుఖం కావాలంటే ఒక ఉపాయం ఉంది. నైరుతి గాలి వీచే రోజున కేంబ్రిడ్జి నుంచి ఈలీ, డౌన్‌హామ్ మార్కెట్ మీదుగా కింగ్స్ లిన్ దాకా 70 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి, రైల్లో వెనక్కి రండి. రైలు మార్గం దాదాపు అదే దారిలో ఉంది, కాబట్టి మధ్యలో అలసిపోయినా స్టేషను దూరం కాదు. రైల్లో సైకిలుతో ఎక్కాలి కాబట్టి రద్దీ వేళలు తప్పించుకోండి. శీతాకాలంలో వెల్నీ అనే ఊరి వైపు వెళ్లేవారు ముందుగా దారి సంగతి కనుక్కోవాలి. రెండు బెడ్‌ఫోర్డ్ నదుల మధ్య పల్లాన్ని వరద నీటి నిల్వకే వదిలారు, అక్కడి రోడ్డు తరచూ మునిగిపోతుంది. కానీ ఆ వరద నీటి మీదికే ఐస్‌లాండ్ నుంచి హంసలు వేలల్లో వచ్చి వాలతాయి. చలికి ఓర్చుకుని వెళ్లినవారికి అది పండుగే. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు వాలుతుంది, దీపాలు మరవద్దు.

మొదటిసారి వచ్చేవారు దీర్ఘయాత్ర పెట్టుకోనక్కర్లేదు. కేంబ్రిడ్జి నుంచి లోడ్ గ్రామం, అక్కడి నుంచి లోడ్స్ వే అనే సైకిలు దారి మీదుగా వికెన్ ఫెన్, తరువాత ఈలీ. వికెన్‌లో, ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1899లోనే కొంత నేల కొని, చిత్తడిని చిత్తడిగానే ఉంచింది. నీరు తోడకముందు ఈ ప్రాంతం ఎలా ఉండేదో అక్కడ చూడవచ్చు. దారిలో కొంత కంకర ఉంది, బర్వెల్ లోడ్ అనే పాత కాలువ మీది నడక వంతెన దగ్గర సైకిలు దిగి తోసుకుపోవాలి. ఊళ్ల మధ్య దుకాణాలు తక్కువ, కాబట్టి రెండు సీసాల నీళ్లు, ఒక అదనపు ట్యూబు దగ్గర ఉంచుకోండి. మే, జూన్ నెలలు అన్నిటికన్నా మంచివి.