ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హీత్రూ: దూరం చెప్పే సైట్లకు ఎన్ని మార్కులు?

దూరానికి ఐదుకు ఐదు. టైముకు రెండే, అదీ మొహమాటానికి.

నెల్లూరు నుంచి చెన్నై మీదుగా యూరప్ వెళ్లేవాళ్లు, అక్కడ ఫ్లైటు మారాల్సి వస్తే ముందు తెరిచేది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, టైము చెప్పే ఈ ఉచిత కాలిక్యులేటర్లనే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్, లండన్‌లోని హీత్రూ అని కొడితే దాదాపు 655 కిలోమీటర్లని చెబుతాయి. లెక్క సరైనదే. ఒక సైటుకీ ఇంకో సైటుకీ రెండు మూడు కిలోమీటర్లు తేడా వచ్చినా కంగారు పడక్కర్లేదు. కొన్ని భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న బంతిగా తీసుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గర నొక్కుకున్న ఆకారంగా తీసుకుంటాయి. మైళ్లలో చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త: నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609.

ఊరి పేరు కొట్టొద్దు, ఎయిర్‌పోర్టుకుండే మూడక్షరాల కోడ్ కొట్టండి. లండన్ అంటే హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ... ఏదైనా కావచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనే ఎయిర్‌పోర్టయితే అసలు ఊరికి దాదాపు 120 కిలోమీటర్ల అవతల ఉంది. పేరు చూసి చౌక టికెట్ కొంటే బస్సులోనే రెండు గంటలు. ఎఫ్‌ఆర్‌ఏ, ఎల్‌హెచ్‌ఆర్ అని ఇస్తే ఈ గొడవ ఉండదు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు ఈ పని శుభ్రంగా చేస్తుంది, దారిని మ్యాపు మీద గీసి మరీ చూపిస్తుంది.

ఇక టైము. చాలా సైట్లు దూరాన్ని గంటకు 800 చిల్లర కిలోమీటర్లతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఒక అరగంట కలుపుతాయి. అలా వచ్చేది గంటా 20 నిమిషాలు. ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్లో మాత్రం గంటా 40 చుట్టూ ఉంటుంది. నెల్లూరు నుంచి చెన్నైకి కారులో పోయేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: తడ దాకా ఒక లెక్క, చెన్నై శివార్లలోని రెడ్‌హిల్స్ దాటాక ట్రాఫిక్‌లో ఇంకో లెక్క. హీత్రూ మీద రద్దీ ఉంటే విమానాన్ని దిగనివ్వకుండా గాల్లోనే చుట్లు తిప్పుతారు. గేటు నుంచి రన్‌వే దాకా పాకే సమయమూ టైమ్‌టేబుల్లో కలిసే ఉంటుంది. పైగా గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి లండన్‌కు పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. ఈ సైట్లేమో రెండు వైపులకీ ఒకటే టైము చూపిస్తాయి! అసలు టైము కావాలంటే విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 సైటులో ఆ ఫ్లైటు నంబరు కొట్టి, గత వారం రోజుల్లో నిజంగా ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో చూడండి.

టికెట్ మీద వేసేవి ఎక్కడి టైము అక్కడిదే. లండన్ గడియారం ఫ్రాంక్‌ఫర్ట్ కంటే ఒక గంట వెనక. 8:30కి లేచి 9:10కి దిగినట్టుంటే 40 నిమిషాల ప్రయాణమని మురిసిపోవద్దు.

రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే, ఎయిర్‌లైన్ వ్యవధి చూసే అమ్ముతుంది. విడివిడిగా కొంటే హీత్రూలో బయటికొచ్చి లగేజీ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి; నాలుగు గంటలకు తగ్గకుండా పెట్టుకోండి. అలా బయటికి రావాలంటే మన పాస్‌పోర్టుకు మామూలుగా బ్రిటన్ వీసా ఉండాలి, జర్మనీ లాంటి యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. ఈ ముక్క ఏ కాలిక్యులేటరూ చెప్పదు.