సరికొత్త ‘ఐ7’ డెస్క్‌టాప్ 21,500కే అంటున్నారా? ముందు ప్రాసెసర్ పూర్తి నంబరు అడగండి

ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకోవడానికి కంప్యూటర్ కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివి డబ్బు కట్టండి. ‘సరికొత్త ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 22 అంగుళాల మానిటర్, విండోస్ 11 ప్రో, ఎంఎస్ ఆఫీస్ ఉచితం, మూడేళ్ల వారంటీ, అన్నీ కలిపి 21,500’ అనే ప్రకటన చూసి మా చెల్లెలు ఒక సెట్టు తెప్పించుకుంది. తను విజయవాడలో ఇంటి నుంచే ఒక సంస్థకు లెక్కలు చూస్తుంది. ట్యాలీ, ఎక్సెల్, నెలకోసారి జీఎస్‌టీ రిటర్నులు, అప్పుడప్పుడు వీడియో మీటింగులు, ఇంతే పని.

వచ్చిన పెట్టె చూడటానికి బాగుంది. క్యాబినెట్‌కు రంగు లైట్లు కూడా ఉన్నాయి, లెక్కల పనికి అవి ఎందుకో తెలియదు. మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. తరువాత సంస్థవాళ్లు తమ సర్వర్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నారు. అది కంప్యూటర్‌ను తనిఖీ చేసి, టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రత కోసం ఉండే చిప్) లేదు కాబట్టి అనుమతించనంది. కొద్ది రోజులకు తెర మూలన విండోస్‌ను యాక్టివేట్ చేసుకోమనే సందేశం కూడా మొదలైంది.

నేను వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ఐ7-3770 అని కనిపించింది. ఇది 2012లో వచ్చినది. మదర్‌బోర్డు హెచ్61, అంటే 2011 నాటి చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపేది). ఆ చిప్‌సెట్‌తో పేరు తెలియని కంపెనీల బోర్డులు చైనా నుంచి ఇప్పటికీ కొత్తగా వస్తూనే ఉన్నాయి. వాటి మీద ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత ప్రాసెసర్లు బిగించి, మెరిసే క్యాబినెట్‌లో పెట్టి ‘సరికొత్త’ అని అమ్ముతున్నారు. ఆటోనగర్‌లో పాత ఛాసిస్ మీద కొత్త బాడీ కట్టడం లాంటిదే ఇది. కాకపోతే అక్కడ ఛాసిస్ పాతదని కొనేవాడికి చెబుతారు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు వినండి: ‘ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం. ఏ తరానిదో మేము రాయలేదు కదా మేడమ్!’ ప్రకటన మళ్లీ చూస్తే నిజంగానే రాయలేదు. బిల్లు మీద కూడా ‘కంప్యూటర్ సెట్ – 1’ అని మాత్రమే ఉంది. ప్రాసెసర్ నంబరు లేదు, బోర్డు పేరు లేదు, సీరియల్ నంబర్లు లేవు. మొత్తం మాయ ఈ ఖాళీల్లోనే ఉంది.

అందుకే ఐ3, ఐ5, ఐ7 అనే ముక్కను పట్టించుకోకండి, దాని పక్కనున్న అంకెలు చూడండి. 3770 అంటే 3వ తరం, 12100 అంటే 12వ తరం. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా ఈ ఐ7-3770 లాగే 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉంటాయి, వేగం మాత్రం చాలా ఎక్కువ. లెక్కల పనికి 12వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా సరిపోతుంది. బోర్డు పేరులోనూ ఇలాంటి తిరకాసే ఉంది. హెచ్61 వేరు, హెచ్610 వేరు. ఒక్క సున్నా తేడాతో పదేళ్లు వెనక్కి వెళ్లిపోతారు.

ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరం, ఏఎండీ కంపెనీవాటిలో రైజెన్ 2000 శ్రేణి నుంచే విండోస్ 11కు అధికారికంగా చోటుంది, ఒకటి రెండు మినహాయింపులు ఉంటే ఉండవచ్చు. అంతకన్నా పాతవాటిలో తనిఖీని దాటవేసి బలవంతంగా ఎక్కిస్తారు. పోనీ విండోస్ 10కు వెళ్దామా అంటే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇక జీవితకాలం ఉచితమని ఇచ్చే ఆఫీస్ దాదాపు ఎప్పుడూ దొంగ కాపీయే. ఇంకొకరి లెక్కలు చూసే కంప్యూటర్‌లో అది ఉండకూడదు.

పాతది కొనడం తప్పని నా అభిప్రాయం కాదు. కార్పొరేట్ ఆఫీసులు లీజు ముగిశాక వదిలేసే ఆప్టిప్లెక్స్, థింక్‌సెంటర్ లాంటి డెస్క్‌టాప్‌లు 8వ తరానివి దొరికితే, వాడినవని చెప్పి అమ్మితే, నేనే కొనమంటాను. వాటిలో చాలావాటికి అసలు విండోస్ లైసెన్సు బోర్డులోనే ఉంటుంది. బోర్డు, పవర్ సప్లై కూడా ఈ లైట్ల పెట్టెలకన్నా గట్టివి.

డబ్బు కట్టేముందు ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు మోడల్ మెసేజ్‌లో రాయించుకోండి, అవే బిల్లులోనూ ఉండాలని చెప్పండి. నంబరు అడగగానే మాట దాటవేస్తే అక్కడితో వదిలేయండి. బిల్లు మీది 15 అక్షరాల జీఎస్‌టీ నంబరును జీఎస్‌టీ పోర్టల్‌లో వెతికితే ఆ వ్యాపారం ఉందో లేదో తెలుస్తుంది. అది 36తో మొదలైతే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ‘మూడేళ్ల వారంటీ’ ఎవరిదో కూడా అడగండి. మాకు వచ్చిన కాగితం అమ్మినవాళ్లు సొంతంగా అచ్చు వేసుకున్నది. ఆ బోర్డుకు సర్వీస్ సెంటర్ అంటూ ఎక్కడా కనిపించలేదు. పెట్టె చేరిన రోజే సెట్టింగుల్లో యాక్టివేషన్, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ చూసుకోండి. వాపసు గడువు ముగిశాక వీళ్ల గొంతు మారిపోతుంది.

ఇప్పటికే ఇలా మోసపోయినవారు ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, బిల్లు చెరిపేయకుండా ఉంచుకుని జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు ఏ ఊరివాళ్లయినా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువుకు కట్టిన డబ్బు 5 లక్షల రూపాయల వరకైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

మేము 1915లో ఫిర్యాదు చేశాక అమ్మినవాళ్లే ఫోన్ చేశారు. 4,000 వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు మూసేయండి అన్నారు. చెల్లెలు ఒప్పుకోలేదు. పూర్తి డబ్బు కోసం జిల్లా కమిషన్‌కు ఇవ్వాల్సిన కాగితాలు సిద్ధం చేస్తోంది.