కస్టర్ సంతకం, ఏడో కావల్రీ టిన్‌టైప్: తిప్పి పంపిన నకిలీ లాట్ మళ్ళీ వేలానికి వచ్చింది, జాగ్రత్త

అమెరికా ఫ్రాంటియర్ యుద్ధాల (అక్కడి ఆదివాసులతో అమెరికా సైన్యం చేసినవి) నాటి ఫోటోలూ సంతకాలూ కొనే మనవాళ్ళు కొద్దిమందే అయినా ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. నేను తిప్పి పంపిన ఒక నకిలీ లాట్‌ని (కలిపి అమ్మిన సరుకుని) ఆ సెల్లర్ రెండు ముక్కలు చేసి, వివరణ మార్చి, మళ్ళీ ఆన్‌లైన్ వేలంలో పెట్టాడు. పేరు రాయడం లేదు, ఎలాగూ పేరు మార్చుకుని వస్తాడు. సరుకుని గుర్తుపడితే చాలు.

లాట్‌లో రెండు వస్తువులు. మొదటిది అరచేతిలో ఇమిడే టిన్‌టైప్ (ఇనుప రేకు మీది పాత ఫోటో): ఒక సైనికుడు, టోపీ మీద రెండు కత్తులు అడ్డంగా పెట్టిన ఇత్తడి బిళ్ళ, ఆ కత్తుల పైన 7 అంకె, అంటే ఏడో కావల్రీ (గుర్రపు దళం). రెండోది ఆ సైనికుడికి సెలవు మంజూరు చేస్తూ ఆ దళాన్ని నడిపిన అధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ సంతకం పెట్టాడని చెప్పిన కాగితం. పైన ‘ఫోర్ట్ అబ్రహాం లింకన్, మే 1872’ అని రాసుంది. ఓ సైనిక కుటుంబం వారసుల ఇంట్లో దొరికిందని కథ, దానికి తోడు హోలోగ్రామ్ అంటించిన సర్టిఫికెట్. పైన పటారం లోన లొటారం.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర ఆదివాసులతో జరిగిన పోరులో కస్టర్, ఆయన వెంట వెళ్ళిన ఐదు కంపెనీల సైనికులు తుడిచిపెట్టుకుపోయారు. ఆ ఒక్క రోజు వల్లే, ఊరూపేరూ తెలియని కావల్రీ సైనికుడి ఫోటో మీద 7 అంకె కనపడితే రేటు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. ఇక్కడ మోసమంతా ఆ అంకెలోనే ఉంది.

టిన్‌టైప్ అంటే నల్లటి పూత పూసిన సన్నని ఇనుప రేకు మీద నేరుగా పడే బొమ్మ. మధ్యలో నెగెటివ్ ఉండదు, అందుకని అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇందులో కోటు సరిగ్గా అలాగే ఉంది: మగవాళ్ళ కోటుకి ఎడమ అంచు పైకి రావాలి, ఫోటోలో కుడి అంచు పైకి వచ్చినట్టు కనిపిస్తోంది. మరి కోటు తిరగబడినప్పుడు టోపీ మీద 7 కూడా తిరగబడాలి కదా? అది మాత్రం బడిపిల్లాడు పలక మీద రాసినట్టు నిక్షేపంగా సరైన దిక్కులో ఉంది.

ఒక్క మాట. ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళే గుండీలకీ బిళ్ళలకీ బంగారు రంగు అద్దేవాళ్ళు. కాబట్టి రంగు కనపడగానే నకిలీ అనేయకూడదు, సెల్లర్ కూడా మొదట ఈ వాదనే ఎత్తుకున్నాడు. తేల్చింది భూతద్దం. పాత వార్నిష్ ఎండి సన్నని పగుళ్ళు వచ్చాయి. గుండీల మీది రంగు ఆ పగుళ్ళతో పాటే చీలింది. 7 మీది రంగు పగుళ్ళ లోపలికి దిగి నిండిపోయింది. అంటే పగుళ్ళు ముందు, 7 తర్వాత. అయస్కాంతం పెట్టి చూస్తే పట్టుకుంటుంది, రేకు అసలైనదే, సైనికుడూ అసలైనవాడే. ఎవరో పాపం, ఏ రెజిమెంటు వాడో.

కాగితం సంగతీ ఇంతే. అతినీల కాంతి కింద పెడితే ఇప్పటి కాగితంలా నీలంగా మెరవలేదు, కాబట్టి పాత కాగితమేనని సెల్లర్ గట్టిగా చెప్పాడు. నిజమే, పాతదే. పాత పుస్తకాల ముందూ వెనకా ఉండే ఖాళీ పేజీలు చింపి వాడటం ఈ మోసగాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. కానీ వయసు మళ్ళిన కాగితం మీద కొత్తగా రాస్తే సిరా నిలవదు, గీత అంచుల నుంచి వెంట్రుకల్లా పాకుతుంది. కస్టర్ పేరులోని ‘సి’ కింది వంపు దగ్గర అది కంటితోనే కనిపిస్తుంది.

అసలు దెబ్బ తేదీ దగ్గర తగిలింది. ఆ కోటకి ఫోర్ట్ అబ్రహాం లింకన్ అని పేరు పెట్టిందే 1872 నవంబరులో, అంతకుముందు ఫోర్ట్ మెకీన్. పైగా 1872 మే నెలలో కస్టర్ ఆ కోట ఉన్న డకోటాలోనే లేడు, కెంటకీలోని ఎలిజబెత్‌టౌన్‌లో ఉన్నాడు. ఏడో కావల్రీతో ఉత్తరానికి వెళ్ళింది 1873లో. ఇవన్నీ ఎవరైనా చూసుకోవచ్చు: అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో 1800 నుంచి 1916 దాకా సైనిక పోస్టుల నెలవారీ నివేదికలున్నాయి, ఏ నెల ఏ కోటలో ఏ అధికారి ఉన్నాడో తెలుస్తుంది. మామూలు సైనికుల పేర్లకి 1798 నుంచి 1914 వరకు చేరినవాళ్ళ రిజిస్టర్లున్నాయి. వేలల్లో డబ్బు పోసే ముందు ఓ సాయంత్రం వీటి ముందు కూర్చోండి.

ఇదంతా ఫోటోలతో సహా రాసి పంపితే సెల్లర్ కొన్నాళ్ళు నాన్చాడు, తర్వాత ‘సర్టిఫికెట్ ఉంది కదా’ అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఇచ్చింది అతని సొంత దుకాణమే! చివరికి కార్డు కంపెనీలో వివాదం వేస్తే డబ్బు వెనక్కొచ్చింది. కార్డు కాకుండా బ్యాంకు నుంచి నేరుగా వైర్ ట్రాన్స్‌ఫర్ చేస్తే ధర తగ్గిస్తానని మొదట్లో తెగ బతిమాలాడు. అలా అడిగే ఎవరికైనా సరే వైర్ చేయకండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇలాంటి క్రెడిట్ కార్డు వివాదాల కోసం ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ఉంది, కానీ ఆ ఖర్చు కనపడిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. సెల్లర్లు నాన్చేది అందుకే. ఇండియా నుంచి కొనేవాళ్ళకి తిప్పి పంపడంలో కస్టమ్స్ తలనొప్పి అదనం.

ఇప్పుడు చూస్తే, నేను ఎత్తి చూపిన తేదీ ఉన్న పైభాగం కత్తిరించేసి మిగిలింది ‘కస్టర్ క్లిప్డ్ సిగ్నేచర్’ (కాగితం నుంచి కత్తిరించిన సంతకం) అని పెట్టాడు. టిన్‌టైప్‌ని విడిగా ‘లిటిల్ బిగ్‌హార్న్ కాలపు సైనికుడు’ అంటున్నాడు. సర్టిఫికెట్ నంబరు మాత్రం రెండింటికీ పాతదే.

ఈ రంగంలో ఇంకో రెండు మూడు చోట్ల కూడా చూసుకుని అడుగేయండి. ఆదివాసీ నాయకుల్లో సిట్టింగ్ బుల్ 1885లో బఫెలో బిల్ అనే ఆయన ఊరూరా నడిపిన ప్రదర్శనతో తిరుగుతూ, జెరోనిమో 1904 సెయింట్ లూయిస్ ఎక్స్‌పోజిషన్‌లో (ప్రపంచ ప్రదర్శనలో) ఖైదీగా ఉంటూనే, తమ సంతకాలు తామే అమ్ముకున్నారు. అసలైనవి బయట ఉన్నాయి కాబట్టే నకిలీలూ వాటి చాటున చెల్లిపోతాయి. డి.ఎఫ్. బ్యారీ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోల అట్ట మీద సుపీరియర్, విస్కాన్సిన్ అని అచ్చై ఉంటే ఆ ప్రింటు 1890 తర్వాతిది. నకిలీ కాదు, కానీ 1880ల నాటి ప్రింటు ధర పెట్టకండి. 1890లలో వచ్చిన క్రాగ్ రైఫిల్ పట్టుకున్నవాణ్ణి 1876 సైనికుడని అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఇక ఆదివాసీ యోధుడు క్రేజీ హార్స్ ఫోటో అని ఎవరైనా అంటే మాట్లాడకుండా వచ్చేయండి, ఆయనదేనని తిరుగులేకుండా తేలిన ఫోటో ఒక్కటీ లేదు.

గుర్తులు: టిన్‌టైప్ కింద ఎడమ మూల లోపలికి వంగి, అక్కడ పూత రాలి తుప్పు కనిపిస్తుంది. సంతకం కాగితానికి మూడు అంచులు గోధుమ రంగు తిరిగి ఉంటాయి, పై అంచు మాత్రం కొత్తగా కోసిన తెలుపు. వెనక పెన్సిల్‌తో 14 అని రాసి సున్నా చుట్టి ఉంది. కత్తిరించక ముందు కాగితాన్ని రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకున్నాను, అడిగినవాళ్ళకి పంపుతాను.